యజమాని ఇచ్చిన కాగితం

1986 ఫిబ్రవరి 11

పొద్దున్నే సికింద్రాబాద్ రైలు దిగాం. బాపులపాడు స్టేషన్ నుంచి నూజివీడు బస్సులో కిటికీ పక్క సీటు భాస్కరానికే ఇచ్చాను. ఇవ్వకపోతే కుళ్ళుకున్నానంటాడు. నిజానికి వాడేమీ అనడు. అదే నా బాధ.

జరిగింది రాసుకుంటే మనసు తేలికపడుతుందేమో చూద్దాం. టెరిటోరియల్ ఆర్మీ సెలక్షన్‌కి వెళ్ళింది నేను. పేపర్లో ప్రకటన కత్తిరించి మూడు నెలలు జేబులో పెట్టుకు తిరిగింది నేను. ఎవరి పని వాళ్ళు చేసుకుంటూనే ఏడాదికి రెండు నెలలు సిపాయిగా ఉండొచ్చు, దేశానికి అవసరం పడితే పిలుస్తారు, తీరిపోతే ఇంటికి పంపిస్తారు. ఇంతకంటే నాకు కావలసిందేముంది? అరవై అయిదు యుద్ధమప్పుడు నాకు పదిహేనేళ్ళు. రేడియో ముందు నుంచి లేచేవాణ్ణి కాదు. "తక్కెడ పట్టే చేతికి తుపాకీ ఎందుకురా" అని నాన్న విసుక్కునేవాడు. తక్కెడా తుపాకీ రెండూ పట్టుకోవచ్చని గవర్నమెంటే చెబుతుంటే ముప్పై ఆరేళ్ళకి నాకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది.

భాస్కరరావు నాకు తోడు వచ్చాడు, అంతే. నా భార్య కమలకి తమ్ముడు, నా మామిడికాయల కొట్లో గుమాస్తా, మా ఇంట్లోనే వెనక వాటాలో ఉంటాడు. "ఒక్కరే ఏం వెళ్తారు, తమ్ముణ్ణి తీసుకెళ్ళండి" అని కమలే అంటగట్టింది.

పరుగు బాగానే పరిగెత్తాను. ఛాతీ కూడా సరిపోయింది. చివర్లో కళ్ళ డాక్టరు ఒక పుస్తకం తెరిచాడు. పేజీ నిండా రంగు చుక్కలు. అందులో అంకె ఉంది చెప్పమన్నాడు. ఎక్కడుందీ? నాకు చుక్కలే కనిపించాయి. నోటికొచ్చింది చెప్పాను. ఇంకో పేజీ తిప్పాడు, ఇంకోటి చెప్పాను. "మీకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు" అన్నాడు. ఏం పని చేస్తారని అడిగాడు. మామిడికాయల వ్యాపారం అన్నాను. నవ్వాడు.

నా వెనకాల ఊరికే నిలబడ్డ భాస్కరాన్ని చూసి హవల్దారు, నువ్వూ రావయ్యా అన్నాడు. వీడు వెళ్ళాడు. చుక్కల పుస్తకం గడగడా చదివేశాడు. పరుగులోనూ నెగ్గాడు, వాణ్ణి తీసుకున్నారు.

ఇంతటితో అయిపోలేదు. ఉద్యోగం సద్యోగం లేనివాణ్ణి అందులో తీసుకోరు. ఫలానావాడు నా దగ్గర పనిచేస్తున్నాడు, పిలిచినప్పుడు పంపిస్తాను అని యజమాని కాగితం ఇవ్వాలి. ఏడాదికోసారి మళ్ళీ ఇవ్వాలి. యజమాని ఎవరన్నారు. నేనే అన్నాను. అక్కడే బల్ల మీద కూర్చుని నా పెన్నుతో నేనే రాసిచ్చాను. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది నా పని.

ఫిబ్రవరి 12

వయసు దాటిందన్నారని కమలతో చెప్పాను. భాస్కరం పక్కనే ఉన్నాడు. చుక్కల పుస్తకం సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది, కనీసం వాడి మీద కోపం తెచ్చుకోవడానికి ఒక సాకు దొరికేది.

మార్చి 3

నాకేం అసూయ లేదు. అసూయపడేందుకు వాడి దగ్గర ఏముంది?

ఏప్రిల్ 14

కాయ కోతకొచ్చే రోజుల్లో క్యాంపు. అన్నీ ముందే తెలిసినట్టు పెట్టారు. కమల వీరతిలకం దిద్ది హారతిచ్చింది. పెళ్ళయ్యి పదమూడేళ్ళు, ఒక్కసారి నాకు హారతివ్వలేదు. ఇవ్వడానికి నేనెక్కడికి వెళ్ళానులే. ముసునూరు తోటకి వెళ్తుంటే గొడుగు మర్చిపోయారని అరుస్తుంది, అదే నాకు హారతి.

భాస్కరం భార్య లలిత ఏడ్చింది. "రెండు నెలలేగదమ్మా" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

మే 9

నాగపూర్ నుంచి ట్రంకాల్ వచ్చింది. పంపిన లారీలో బంగినపల్లి సగం కుళ్ళి, రసం కిందికి కారిందట. దూరం వెళ్ళే లారీలో రంగు తిరిగిన కాయ ఒక్కటి పడినా పక్కనున్న పాతిక పాడవుతాయి. మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. రాశి దగ్గర కూర్చుని ఏరింది నేనే. ముచ్చిక దగ్గర వాసన చూశాను, భుజాలు నొక్కి చూశాను. నాన్న తర్వాత రాశి దగ్గర కూర్చున్నప్పట్నించీ ఇలాగే చూస్తున్నాను. ఎన్నడూ ఇలా కాలేదు. ఈ ఏడు ఎండలు ఎక్కువ.

మే 10

లారీవాడిదే తప్పు. దారిలో ఎక్కడో ఆపి పడుకునుంటాడు.

మే 11

లారీవాడిది కాదు.

హమాలీ మేస్త్రి చిన్నరాయప్పని నిలదీశాను. గడ్డి తక్కువేశావు, పెట్టెలు ఎత్తి పడేశావు అని నానా మాటలూ అన్నాను. అన్నీ విన్నాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"బాబుగారూ, ఓ మాటంటాను, ఏమనుకోబాకండి. మీరు ఏరి లేచాక భాస్కరంగారు మళ్ళీ ఏరేవారు గదండీ."

"మళ్ళీ ఏరడమేంటి?"

"మీరు అన్నానికెళ్ళినప్పుడండి. రంగు తిరిగినయ్యి తీసి పక్కన పెట్టించేవారు. ఏటా ఇంతేగదండీ. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఈ ఏడు ఆయన లేరు గందా."

పన్నెండేళ్ళు! వాడు మా కొట్లో చేరి పన్నెండేళ్ళు. నా చెయ్యి మంచిదని, సత్యనారాయణమూర్తి ఏరిన కాయ తప్పదని విస్సన్నపేట దాకా పేరు. ఆ పేరు నాది కాదన్నమాట. నేను భోజనం చేసి తాంబూలం వేసుకునొచ్చే లోపల వాడు సంపాదించి నా గల్లాపెట్టె పక్కన పెట్టేవాడన్నమాట.

నన్ను తిడితే ఊరుకునేవాణ్ణి. ఇంత మంచితనం ఎవడు భరిస్తాడు?

జూన్ 16

వచ్చాడు. నల్లబడ్డాడు, సన్నబడ్డాడు, నిటారుగా నిలబడుతున్నాడు. నా పక్కన నిలబడితే వాడే యజమానిలా ఉన్నాడు. ఆఖరి కోత చెరుకు రసాల పళ్ళలో మంచివన్నీ కమల వాడికోసం దాచిందట. నాకు తెలియను కూడా తెలియదు. వాడు రెండు తిని మిగతావి నా ముందుకు జరిపాడు. కడుపు నిండిందన్నాను.

లారీ సంగతి వాడికి తెలిసింది. "ఎండలు మరీ ఎక్కువగా ఉన్నాయిటగా బావగారూ" అన్నాడు. అంతే అన్నాడు.

ఆగస్టు 12

హైస్కూలు వాళ్ళు జెండా పండక్కి వాణ్ణి మాట్లాడమన్నారు. నన్ను కాదు. ఏటా ఆ స్కూలుకి బిస్కట్లు, చాక్లెట్లు పంచేది నేను.

వాడు సాయంత్రం నా దగ్గరికొచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు. "నాకేం తెలుసు బావగారూ. కుడికి తిరుగు, ఎడమకి తిరుగు, అంతేగా నాకొచ్చింది. ఈ చరిత్రంతా మీకు కంఠస్థం. నాలుగు ముక్కలు రాసివ్వరూ."

రాయనని చెప్పాల్సింది. పెన్ను తీశాను.

ఆగస్టు 14

ఆరు పేజీలయింది. తెల్లవాళ్ళ కాలంలో ఎలా ఉండేది, స్వరాజ్యం వచ్చాక నలభై తొమ్మిదిలో ఎలా కొత్తగా మొదలుపెట్టారు, అరవై రెండులో, అరవై అయిదులో, డెబ్బై ఒకటిలో ఈ సగం సిపాయిలే వంతెనలూ రైళ్ళూ కాపలా కాసి అసలు సిపాయిల్ని ముందుకి ఎలా పంపగలిగారు, అన్నీ రాశాను. ప్లీడరూ, గుమాస్తా, రైతూ ఒకే వరసలో నిలబడే చోటు అది ఒక్కటే అని రాశాను. చివర ఇలా రాశాను: "జీతం కోసం యుద్ధానికి వెళ్ళేవాడు గొప్పవాడే. కొట్టు తాళం పక్కవాడికిచ్చి యుద్ధానికి వెళ్ళేవాడికి, తిరిగొచ్చి ఆ తాళం తీయాలన్న ఆశ కూడా ఉంటుంది. ఆ ఆశని ఇంట్లో వదిలేసి వెళ్ళాలి."

రాస్తుంటే నాకే కళ్ళనీళ్ళొచ్చాయి.

ఆగస్టు 15

ఆ ఆఖరి మాట దగ్గర చప్పట్లు ఆగలేదు. నా మాటలు, వాడి నోరు. నేను మూడో వరసలో బిస్కట్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

వాడు వేదిక దిగగానే పుష్పవతి టీచరుగారు, "ఎంత బాగా మాట్లాడావయ్యా" అంది. "అదంతా మా బావగారు రాసిందండీ" అన్నాడు వాడు నా వైపు చూపించి. ఆవిడ నా వైపు చూసింది, వాడి వైపు చూసింది. "ఎంత వినయమో చూడండి" అంది నాతో!

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొస్తుందంటారు. ఇవాళ అర్థమైంది. అవును, నాకు అసూయే. రాసేశాను. ఈ పుస్తకం ఎవరు చదువుతారు కనక.

అక్టోబరు 30

లలితకి మూడో నెల. కమల ఊరంతా చెప్పొచ్చింది.

1987 జనవరి 5

సరిహద్దులో రెండు వైపులా సైన్యం చేరుతోందని పేపర్లో రోజూ వస్తోంది. ఇవాళ సికింద్రాబాద్ నుంచి కొట్టుకి కవరొచ్చింది. యజమాని పేర. అందర్నీ పిలిచే అవసరం రావచ్చు, భాస్కరరావు ఇప్పటికీ మీ దగ్గర ఉద్యోగంలో ఉన్నదీ లేనిదీ వెంటనే తెలియజేయండి అని.

వాడికి చెప్పలేదు. రేపు చెబుతాను.

జనవరి 7

తోటలన్నీ పూత మీదున్నాయి. పూత చూసి తోటలు కొనే రోజులు ఇవి. వాడు లేకపోతే కొట్టు నడవదు. లలితకి ఆరో నెల. కమలకి గుండె దడ. ఇన్ని కారణాలున్నాయి.

నా దగ్గర పని మానేశాడని రాసి పోస్టులో వేశాను. ఒకే ఒక్క వాక్యం. సంతకం బాగా కుదిరింది.

జనవరి 8

కారణాలన్నీ ఇవాళ మళ్ళీ చదువుకున్నాను. అన్నీ నిజాలే. ఒక్కటి రాయలేదంతే.

జనవరి 17

మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేని సమయం చూసి భాస్కరం వచ్చి ఒక కాగితం నా ముందు పెట్టాడు. యజమాని తెలియజేసిన ప్రకారం మీకు ఉద్యోగం లేదు గనక మీ పేరు జాబితా నుంచి తొలగిస్తున్నాం, యూనిఫారం, సామాను వెనక్కి పంపండి అని ఉంది. చదువుతున్నట్టు నటించాను. ఎంతసేపని చదువుతాను, నాలుగే లైన్లు.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"అక్క అడిగిందా బావగారూ? నన్ను పంపొద్దని?"

కాదు అనడానికి నోరు తెరిచాను. తల ఊపాను. అవునన్నట్టు ఊపాను.

"అనుకున్నాను" అన్నాడు. "తన భయం నాకు తెలుసు. మీరు మాత్రం ఏం చేస్తారు." కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళి తూకం రాళ్ళు సర్దుకున్నాడు.

ఇంటికెళ్ళేసరికి వాడు అక్కని అడగనే అడిగాడు. కమల నన్ను పట్టివ్వలేదు. అవునురా, నేనే అడిగానని చెప్పిందట! నేను గుమ్మంలో అడుగు పెట్టగానే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "నేను నోరు తెరిచి అడగలేదు. అయినా నా మనసు కనిపెట్టారు. మీకు వాడంటే ఇంత ఇదని నాకు తెలియదండీ" అంది. లలిత వచ్చి, "అన్నయ్యగారూ, మీ మేలు మర్చిపోలేను" అని వంగబోయింది. వద్దమ్మా వద్దమ్మా, ఈ సమయంలో వంగకూడదన్నాను.

కమల పూర్ణాలు వండింది. ఎప్పుడూ పండక్కి తప్ప వండదు. తిన్నాను. రోజూ కంటే ఎక్కువే తిన్నాను.

జనవరి 18

తెల్లారుజామున పరుగుకి వెళ్ళడం మానేశాడు. ఏడు నెలలుగా వాడి బూట్ల చప్పుడుకి నిద్ర లేచి తిట్టుకునేవాణ్ణి. ఇవాళ చప్పుడు లేకపోయినా ఆ వేళకే మెలకువ వచ్చింది.

జనవరి 20

యూనిఫారం ఉతికి ఇస్త్రీ చేసి పట్టుకొచ్చాడు. బూట్లు, బెల్టు, టోపీ, అన్నీ. గుడ్డలో మూట కట్టాడు. పైన పెట్టే ఉత్తరం ఇంగ్లీషులో నన్ను రాసివ్వమన్నాడు.

"రేపు రాస్తాలే. పార్సిల్ నేను పంపిస్తాలే" అన్నాను. వాడు వెళ్ళలేదు. గోనె సంచి మీద కూర్చున్నాడు.

"ఓ మాట చెప్పాలి బావగారూ. ఏడాదిగా గొంతులో ఉండిపోయింది. ఆ రోజు చుక్కల పుస్తకం దగ్గర నేనూ తప్పు చెబుదామనుకున్నా. మీరు అంత ఆశపడ్డారు. మీకు రానిది నాకెందుకని. తీరా డాక్టరు అడిగేసరికి..." ఆగాడు. "ఆశ పుట్టింది బావగారూ. నాకూ ఆశ పుట్టింది. చదివేశాను. అప్పట్నించీ మీ వస్తువేదో కొట్టేసినట్టే ఉంది. పోతే పోయిందిలెండి. మీది మీకు తిరిగిచ్చేసినట్టుంది."

ఇంత మాట అని మళ్ళీ నన్ను చూసి నవ్వాడు, వెధవ!

వాడు వెళ్ళాక మూట విప్పి చొక్కా తొడుక్కుని చూసుకున్నాను. బొత్తాలు పట్టలేదు. ఈ సంగతి రాయకూడదనుకున్నాను. రాశాను.

జనవరి 21

అన్నం సయించలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఎన్నాళ్ళని?

జనవరి 22

సికింద్రాబాద్‌కి రెండో ఉత్తరం రాశాను. మా ఊళ్ళో పోస్టుమాస్టరు ఊరికే ప్రశ్నలేస్తాడని బస్సెక్కి బాపులపాడు వెళ్ళి రిజిస్టరు చేయించాను. ఏం రాశానో ఇక్కడ తెలుగులో రాసి ఉంచుతాను: "భాస్కరరావు నా దగ్గరే పనిచేస్తున్నాడు. మీ క్యాంపుకి తప్ప పన్నెండేళ్ళుగా ఒక్కరోజు మానలేదు. ఏడో తారీకున నేను రాసింది అబద్ధం. అతను ఎంపికయ్యాడు, నేను కాలేదు. ఆ అక్కసుతో రాశాను. తప్పు నాది, శిక్ష అతనికి వేయకండి."

తిరుగు బస్సులో ప్రాణం హాయిగా ఉంది. నూజివీడు చేరే లోపలే ఆ హాయి పోయింది. వాడు వెళ్తాడు. నా చేత్తో నేనే పంపిస్తున్నాను, మళ్ళీ వాడికే హారతి.

జనవరి 27

టెలిగ్రాం. వెంటనే రిపోర్టు చేయమని.

పెరట్లో అందరూ ఉండగానే వచ్చింది. తొలగించినవాణ్ణి మళ్ళీ పిలవడమేంటని భాస్కరం అటూ ఇటూ తిప్పి చూశాడు. దాచడం నా వల్ల కాలేదు. చెప్పేశాను. పనిలో లేడని రాసింది నేనే, ఉన్నాడని రాసిందీ నేనే అన్నాను.

"మొదటిది అక్క కోసమేగా?" అన్నాడు.

"కాదు. నీ మీద ఏడుపుతో రాశాను."

ఏదో అంటాడని ఎదురుచూశాను. తిట్టమని మనసులో బతిమాలుకున్నాను. "మూట కొట్లోనే ఉందా?" అని అడిగి, కొట్టు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

లలిత కొంగు నోట్లో కుక్కుకుని లోపలికెళ్ళింది. కమల రుబ్బురోలు దగ్గరే ఉంది. పప్పు రుబ్బుతూనే ఉంది.

జనవరి 28

స్టేషన్‌కి నేనొక్కణ్ణే వెళ్ళాను. ఒకటే దారి కనక ఒకే బస్సులో వెళ్ళాం. కిటికీ పక్క సీటులో వాడు కూర్చున్నాడు. రైలు ఆగింది రెండు నిమిషాలు. ఎక్కేముందు, "లలితని జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు. బావగారూ అనలేదు. రైలు కదులుతుంటే, ఆ పెట్టెలో నేనుండాల్సింది అన్న ఆలోచనే వచ్చింది. సిగ్గు లేని మనసు, ఆ క్షణంలో కూడా అదే ఆలోచన!

ఇంటికొచ్చాను. కమల అన్నం వడ్డించింది. పెరుగు వేశాక చెంబు కింద పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నేను ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పండి. మొదటి ఉత్తరం వాడి మీద ప్రేమతో రాశారనుకుని పూర్ణాలు వండాను. అది ఏడుపుతో రాశానన్నారు. మరి రెండోది? వాడి కోరిక తీరాలని రాశారా, వాడు ఆ సరిహద్దుకి పోయి ఇంక నా గుమ్మం తొక్కకూడదని రాశారా?"

"ఛీ, ఏం మాటలవి" అన్నాను.

"ఛీ అంటే జవాబు కాదు" అంది.

ఫిబ్రవరి 6

పది రోజులయింది, కమల నాతో మాట్లాడటం లేదు. భాస్కరం దగ్గర్నించి ఉత్తరం లేదు. రాజస్థాన్ వైపు పంపారని మాత్రం తెలిసింది. ఢిల్లీలో రెండు దేశాల వాళ్ళూ మాట్లాడుకున్నారని పేపర్లో ఉంది. లలిత ఆ ముక్క నా చేత మూడుసార్లు చదివించుకుంది.

చిన్నరాయప్ప తోటలు చూడ్డానికి రమ్మన్నాడు. రేపన్నాను. రేపని నాలుగు రోజుల్నించీ అంటున్నాను.

కమల అడిగినదానికి జవాబు కోసం ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. జనవరి ఇరవై రెండున పోస్టాఫీసు గుమ్మంలో ఏమనుకున్నానో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. వాడికి న్యాయం చేయాలనుకున్నాను, అది నిజం. ఇంకేమీ అనుకోలేదా? ప్రమాణం చేయమంటే చేయలేను.

వాడు క్షేమంగా తిరిగొచ్చి మా గుమ్మంలో నిలబడ్డ రోజున, వాణ్ణి చూడగానే నా గుండెలో ఏమవుతుందో, అదే కమలకి నా జవాబు. అప్పటిదాకా నాకూ తెలియదు. వాడు రాకపోతే ఆ జవాబు కమలే చెప్పుకుంటుంది. నేను కాదనలేను.